వంకర ఓర్వని మేడమ్

మేడమ్ పోయిందని, ఆమె దగ్గర నాతోపాటు పరిశోధన చేసిన రెడ్డెప్ప ఫోన్ చేసినప్పుడు నేను కుప్పంలో, మా కాలేజీ స్టాఫ్ రూములో, టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. "తెల్లారుజామున పోయిందప్పా. పుంగనూరులోనే. నిద్రలోనే" అన్నాడు. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "ఎవురినీ తిట్టకుండానే పోయిందా?" అని. వాడు ఫోన్ పెట్టేశాడు. నేను డబ్బాలో ఉన్న చిత్రాన్నం మెతుకు మిగలకుండా తిని చేయి కడుక్కున్నాను.

చచ్చినవాడి కళ్ళు చేరెడంటారు. ఆ సాయంత్రానికే మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మేడమ్ కళ్ళు చేరెడైపోయాయి. "తల్లి లాంటిది" అని రాశాడొకడు. వాణ్ణి ఆమె నిండు క్లాసులో నిలబెట్టి, "నీ బుర్రలో వట్టి గాలి ఉండింటే కనీసం ఎగిరేవాడివి కదరా" అంది. "క్రమశిక్షణ నేర్పిన దేవత" అని ఇంకో అమ్మాయి రాసింది. ఆ అమ్మాయి దేవత గది ముందు వరండాలో కూర్చుని ఏడ్చిన ఏడుపు మేమందరం విన్నాం. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్నది నియమమైతే నేను చెప్పగలిగింది ఒకటే ఉంది. సుద్దముక్కను చివరిదాకా వాడేది, పారేసేది కాదు. తక్కినదంతా ఉన్నదున్నట్టు చెబుతాను.

పొట్టి మనిషి. సొంతూరు పుంగనూరు. పుంగనూరు ఆవు కూడా పొట్టిదే గానీ అది పొడవదు అని వెనక బెంచీల్లో అనుకునేవాళ్ళం. మదనపల్లెలో ఒక కాలేజీలో ఫిజిక్స్ హెడ్డు. ఆ కాలేజీ పేరు చెప్పను, చెబితే నాకు అక్కడ కాస్తో కూస్తో మిగిలిన పనీ చెడిపోతుంది. ఎండాకాలంలో కూడా ఇస్త్రీ నలగని నేతచీర, ఎడమ చేతికి మగవాళ్ళ వాచీ, పెదాల మీద ఎప్పుడూ ఎవరో తప్పు చేస్తారని ఎదురుచూసే ఒక చిన్న నవ్వు. మెచ్చుకోవడం ఆమెకు తెలియదు. మరీ గొప్పగా చేస్తే "తప్పు లేదు" అనేది. ఆ రెండు మాటల కోసం మేము చేసిన చాకిరీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

వంకరను ఆమె ఓర్వలేదు. ఎవరింటికి పోయినా కాఫీ తాగే ముందు గోడమీది క్యాలెండరు సర్దేది. ఎదురుగా నిలబడినవాడి కాలరు సర్దేది, వాడు ప్రిన్సిపాలైనా సరే. మదనపల్లె బస్టాండు పక్కన ఒక హోటలు బోర్డు కాస్త ఒరిగి ఉండేది. ఒకరోజు ఆమె మమ్మల్ని టిఫినుకు తీసుకుపోయి, యజమానితో నిచ్చెన వేయించి, బోర్డు సరిచేయించి, అప్పుడు లోపలికి అడుగుపెట్టింది. దోసె ఒక పక్క పొడుగ్గా వస్తే వెనక్కి పంపింది. కుక్క కనబడితే దూరంగా తీసుకుపోండిరా, మేడమ్ తోక సర్దుతుంది అని మా వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ప్రిన్సిపాలు తండ్రి పోయినప్పుడు అందరం పలకరించడానికి వెళ్ళాం. హాలులో దండ వేసిన ఫోటో పెట్టారు. ఆడవాళ్ళు దాని ముందు కూర్చుని ఏడుస్తున్నారు. మేడమ్ వాళ్ళ మధ్యలోంచి నేరుగా ఫోటో దగ్గరికి పోయి, దాని పై అంచు పట్టుకుని ఎడమకు కొంచెం జరిపింది. వెనక్కి వచ్చి ఒక కన్ను మూసి చూసింది. మళ్ళీ పోయి ఇంకొంచెం జరిపింది. "ఇప్పుడు బాగుండాది" అని బయటికి వచ్చేసింది. పోయినాయన భార్య ఏడుపు ఆపేసి ఆమె పోయిన వాకిలి తట్టే చూస్తూ ఉండిపోయింది.

అలాంటి మనిషికి బతుకంతా చదవడానికి దొరికిన విషయం చూడండి. తిరిగే కృష్ణబిలం, దాని చుట్టూ వంకరగా తిరిగే డిస్కు. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. కృష్ణబిలం దగ్గరికి వచ్చిన వాయువు ఒక్కసారిగా లోపల పడిపోదు. సుడి తిరుగుతూ, పళ్ళెంలాగా పరుచుకుని, అంచులోంచి లోపలికి నెమ్మదిగా జరుగుతుంది. ఆ పళ్ళెమే డిస్కు. కృష్ణబిలం కూడా తన ఇరుసు మీద తను తిరుగుతూ ఉంటుంది. బిలం ఒక తట్టుకు తిరుగుతూ, డిస్కు దానికి ఏటవాలుగా వచ్చి చేరితే ఏమవుతుంది? బిలానికి దగ్గరగా ఉన్న భాగం వంగి దాని తట్టుకు సరిపడుతుంది, దూరంగా ఉన్న భాగం పాత వంకరలోనే ఉంటుంది, రెంటి మధ్య డిస్కు మెల్లగా మెలి తిరుగుతుంది. ఎంత వంకరైనా సరే, మెలి తిరుగుతుందే తప్ప తెగదు. ఇది మేడమ్ వయసులో ఉన్నప్పుడు అచ్చయిన పేపరు. ఆమెకున్న పేరంతా ఆ ఒక్క పేపరు మీదే నిలబడి ఉండేది.

పరిశోధన విద్యార్థులు గైడు ఇంటికి గ్యాస్ సిలిండరు మోయడం, పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం మన దగ్గర కొత్త కాదు. మేడమ్ పద్ధతి వేరు. ఆదివారం పొద్దున ఆమె ఇంట్లో మాతో రాగి సంగటి గెలికించేది. అదే ల్యాబ్ అనేది. నేను చేరిన కొత్తలో మొదటి ఆదివారం నాకు ఇంకా గుర్తే. పొయ్యి మీద సంగటి కుతకుతలాడుతోంది. నా చేతిలో సంగటి కట్టె. రెడ్డెప్ప గుడ్డతో కుండ పట్టుకున్నాడు. మేడమ్ ఎత్తుపీట మీద కూర్చుంది. మా ఊరు సోమల, ఆమె నన్ను ఊరి పేరుతోనే పిలిచేది.

"ఏమిరా సోమలోడా, కట్టెను నడిమధ్యన పెట్టి ఆడనే తిప్పు. ఈడికీ ఆడికీ జరపొద్దు. ఏం కనబడతాండాది?"

"కట్టె దగ్గర పిండి దాంతోపాటు తిరుగుతాండాది మేడమ్."

"అంచులో?"

"అంచులో కదల్లేదు మేడమ్."

"కట్టె ఏంది? పిండి ఏంది?"

"కట్టె బ్లాక్‌హోలు మేడమ్. పిండి డిస్కు."

గరిటె వెనక్కి తిప్పి నా వేళ్ళ కణుపుల మీద కొట్టింది. "పిండి డిస్కు కాదురా దున్నపోతా. పిండి అంటే చోటు. స్పేస్. బ్లాక్‌హోలు తిరిగితే చుట్టూ ఉండే చోటే తిరుగుతుంది. చోటే తిరుగుతాంటే ఆడుండే వాయువు యాడికి పోతుంది? దాని ఎంబడే పోవాల." గుప్పెడు కరివేపాకు తుంచి కుండలో వేసింది. "ఇదిరా డిస్కు. ఇప్పుడు సూడు." కట్టె దగ్గర పడిన ఆకులు సుడి తిరిగాయి, అంచులో పడినవి ఎక్కడివక్కడే ఉన్నాయి. నిజం ఒప్పుకోవాలి. అంత బాగా ఆ విషయం ఎవరూ నాకు చెప్పలేదు. వేళ్ళు మండుతూనే ఉన్నాయి, బుర్రలో దీపం వెలిగినట్టయింది. ఆమె దగ్గర ఇదే తంటా. పూర్తిగా అసహ్యించుకోవడానికి కూడా వీలు ఇచ్చేది కాదు.

కట్టెను ఒకేచోట తిప్పితే సంగటి గడ్డలు కడుతుంది. ఆ ఇంట్లో ఆమె భర్త అని ఒకాయన కూడా ఉండేవాడు. ఆదివారాలన్నీ ఆయన ఆ గడ్డల సంగటే మాట్లాడకుండా తిన్నాడు.

రెడ్డెప్పది గుర్రంకొండ. నాకంటే ముందు చేరాడు. చేరినప్పుడు ఈలలు వేసేవాడట, ఎవరైనా అడిగితే పక్షుల కూతలు కూడా కూసేవాడట. నేను చూసేసరికి అవేవీ లేవు. వాడి చేతిరాత మేడమ్ చేతిరాతయింది. వాచీ ఆమె లాంటిదే కొనుక్కున్నాడు. మాట మధ్యలో ఆగి ఎదుటివాడి తప్పు కోసం ఎదురుచూసే ఆ నవ్వు కూడా వచ్చింది. ఒకసారి మా గదికి వచ్చి మాట్లాడుతూ మాట్లాడుతూ గోడమీది క్యాలెండరు సర్దాడు. నాకు భయమేసింది.

ఇప్పుడు అసలు కథకు కావలసిన ఒక చిన్న సంగతి. డిస్కులో వాయువు పొరకూ పొరకూ మధ్య రాపిడి ఉంటుంది. ఆ రాపిడే పక్కపక్క పొరల్ని పట్టి ఉంచుతుంది. కంప్యూటర్లో లెక్క కట్టేటప్పుడు ఆ రాపిడి ఎంత అని ఒక అంకె ఇవ్వాలి. ఆ అంకె కచ్చితంగా ఎంతో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. మా ల్యాబులో మాత్రం తెలుసు. మేడమ్ తన పేపర్లో వాడిన అంకె. అందరం దాన్ని "మేడమ్ అంకె" అనేవాళ్ళం. కొత్తగా చేరినవాడికి రెడ్డెప్ప మొదట బాత్‌రూము ఎక్కడుందో చూపించి, తరువాత మేడమ్ అంకె చెప్పేవాడు. అది చాలా పెద్ద అంకె. అంత రాపిడి పెడితే ఏ డిస్కయినా బెల్లంపాకంలాగా అతుక్కునే ఉంటుంది, తెగమన్నా తెగదు. ఆమె దగ్గర చేరిన ప్రతివాడూ అదే అంకె పెట్టి, అదే జవాబు తెచ్చి, మేడమ్ చెప్పింది నిజమేనని ఇంకో థీసిస్ రాశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళను చూశాం గానీ, మా ల్యాబులో కుందేళ్ళన్నీ మూడు కాళ్ళతోనే పుట్టేవి.

నేను అంకె తగ్గించాను. ధైర్యంతో కాదు, ఊరికే ఏమవుతుందో చూద్దామని. డిస్కును బాగా ఏటవాలుగా పెట్టాను. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి స్క్రీన్ మీద అది తెగి ఉంది. బొంగరం వేగం తగ్గేటప్పుడు తల తిప్పుతుంది చూడండి, లోపలి పొరలు అట్లా వేగంగా తల తిప్పుతున్నాయి, బయటి పొరలు నిదానంగా. మధ్యలో రాపిడి రెంటినీ పట్టలేక వదిలేసింది. డిస్కు విడివిడి చుట్లయింది. ఒక్కొక్క చుట్టు ఒక్కొక్క తట్టుకు తిరిగి, ఒకదాన్నొకటి గుద్దుకుని, తిరిగే ఊపు పోగొట్టుకున్న వాయువు ఉన్నట్టుండి బిలంలోకి పడిపోతోంది. నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

రెడ్డెప్పను పిలిచి చూపించాను. వాడు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

"అంకె మార్సినావా?"

"మార్సినా."

"యాల?"

"ఏమవుతుందో సూద్దామని."

"సూసినావు కదప్పా. ఇంగ పాతది పెట్టేయ్."

మరుసటి రోజు మేడమ్‌కు చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. మళ్ళీ మొదటి నుంచి నడిపించమంది. మళ్ళీ చూసింది. తరువాత మానిటరు బల్ల అంచుకు సమంగా లేదని దాన్ని జరిపి, "కోడ్ తప్పు" అంది. కోడ్ అన్ని రకాలుగా సరిచూశాను మేడమ్ అన్నాను. "కోడ్ తప్పు కాకుంటే నువ్వు తప్పు. రెండిట్లో ఏదో ఒకటి దిద్దుకుని రా" అని లేచిపోయింది.

నేను దిద్దుకోలేదు. ఆమె శనివారం సెమినార్ పెట్టింది. డిపార్ట్‌మెంటంతా వచ్చింది. నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి, నా తెగిన డిస్కు గోడ మీద వేయించి, "రెడ్డెప్పా, వీడు చేసిన తప్పేందో అందరికీ చెప్పు" అంది.

"రాపిడి తక్కువ పెట్టినాడు మేడమ్."

"యాల పెట్టినాడు?"

రెడ్డెప్ప నా ముఖం చూడలేదు. "మన మాట వినక మేడమ్."

హాలంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వింది. ఆ నవ్వు ఆగాక నా దగ్గరికి వచ్చి, నా చొక్కా కాలరు సర్ది, అందరికీ వినబడేటట్టు అంది. "దగ్గరుండేవాళ్ళు నా తట్టు తిరుక్కుంటారు. దూరంగా ఉండేవాళ్ళు వాళ్ళ వంకర వాళ్ళు పెట్టుకుని బతుకుతారు. నీ మాదిరి నడిమధ్యన నిలబడినోళ్ళేరా తెగేది." అందరూ మళ్ళీ నవ్వారు. నేను మాత్రం ఆమె కళ్ళలోకి చూశాను. డిస్కు తెగదని గంటసేపు వాదించిన మనిషి, ఎక్కడ తెగుతుందో సరిగ్గా చెప్పింది. అది నోరు జారిన మాటా, నన్ను గుచ్చడానికి వెతుక్కున్న మాటా అని చాలా రోజులు ఆలోచించాను.

ఆమె నా థీసిస్ ముందుకు పంపలేదు. తిప్పింది. ఈ చాప్టరు మార్చమంది, ఆ చాప్టరు మార్చమంది, చివరికి తెగిన డిస్కు బొమ్మ తీసేస్తేనే సంతకమంది. గడువు దగ్గర పడుతోంది. డిగ్రీ వస్తే ఆ కాలేజీలోనే ఉద్యోగం ఖాయం, రాకపోతే రోడ్డు. ఇంట్లో ఈ సంగతి తెలిసి మా అన్న ఆగలేకపోయాడు. అన్నది సోమల దగ్గర టమేటా సేద్యం, పండిన కాయ మదనపల్లె మార్కెట్‌కే తెస్తాడు. మంచి కాయ ఏరి ఒక పెట్టె నింపుకుని, నన్ను వెంటబెట్టుకుని మేడమ్ ఇంటికి పోయాడు. నేను వద్దంటూనే పోయాను.

గేటు లోపల పెట్టె దించి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "అమ్మా, మా వాడు చిన్నోడు, తెలియక ఎదురు మాట్లాడినాడు. మీరే దారి సూపించాల" అన్నాడు అన్న.

మేడమ్ మెట్ల మీదినుంచి దిగి వచ్చింది. ఆ రోజు ఆమె మాటలో ఎంత మెత్తదనమో. ఒక కాయ తీసి చేతిలో తిప్పింది. "కాయ బాగుండాదప్పా. నువ్వే ఏరినావా?"

"నేనేనమ్మా."

"పెట్టెలో కుళ్ళిన కాయ ఒకటి పడిందనుకో. ఏం చేస్తావు?"

తనకు తెలిసిన విషయం అడిగిందని అన్న ముఖం వెలిగింది. "ఎంటనే తీసి పారేస్తామమ్మా. ఉంచితే పెట్టంతా పోతుంది."

"నేనూ అదే చేస్తాండేది" అంది మేడమ్.

అన్నకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన నా తట్టు తిరిగి చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. తమ్ముణ్ణి అన్న నోటితోనే పారేయించింది ఆమె. పెట్టె మాత్రం వెనక్కి పంపలేదు. రెడ్డెప్పను పిలిచి లోపల పెట్టించుకుంది. ఆ తరువాత మార్కెట్‌లో కాయ ఏరేటప్పుడు, నేను పక్కన ఉంటే, కుళ్ళిన కాయ చేతికి తగిలితే నాకు కనబడకుండా కింద పడేసేవాడు.

గడువు దాటిపోయింది. నా రిజిస్ట్రేషన్ రద్దయింది. నేను కుప్పం వచ్చి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాను. సగం మంది తమిళం, కొంతమంది కన్నడం మాట్లాడే పిల్లలకు లోలకాలు, కటకాలు చెప్పుకుంటూ బతికాను. బాగానే బతికాను. ఆమెను మాత్రం ప్రతిరోజూ తిట్టుకున్నాను. కొందరికి సంధ్యావందనం ఉన్నట్టు నాకు అది ఉండేది.

ఈలోగా ప్రపంచం ముందుకు పోయింది. ఎక్కడెక్కడివాళ్ళో పెద్ద పెద్ద కంప్యూటర్ల మీద ఏటవాలు డిస్కులు నడిపించి, అవి తెగుతాయని చూపించారు. ఒకరు కాదు, చాలామంది. నేను నెట్‌లో ఆ బొమ్మలు చూస్తూ కూర్చునేవాణ్ణి. నా బొమ్మలే. అవే చుట్లు, అవే గుద్దుకోవడాలు. మా కాలేజీలో యాజమాన్యం మారి, డాక్టరేట్ లేనివాళ్ళకు ఏడాది గడువు, ఆ తరువాత ఉంచుకోబోమని నోటీసు పెట్టినప్పుడు ఆ బొమ్మలు ప్రింటు తీసుకుని పుంగనూరుకు బస్సెక్కాను. అది పోయిన సంవత్సరం.

రిటైరయ్యాక మేడమ్ సొంతూరికి వచ్చేసింది. వాకిలి ఆ మాట్లాడని భర్తే తీశాడు. ఆమె కాళ్ళు వాచి, ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని ఉంది. మనిషి సగమైపోయింది, ఇస్త్రీ మాత్రం అట్లాగే ఉంది. ప్రింట్లు చేతికిచ్చాను. ముందు కాగితాల అంచులు ఒడిలో తట్టి సమం చేసింది. తరువాత ఒక్కొక్కటే చూసింది.

"వీళ్ళకన్నా నీదే బాగుండింది" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏమంటాండారు మేడమ్?"

"నీ బొమ్మలో రెండు చుట్లు గుద్దుకుని వాయువు లోపలికి పడేది తేటగా కనిపించింది. వీళ్ళది మసకగా ఉండాది."

"అయితే మీకు అప్పుడే తెలుసా?"

"సూసిన నిమిషానికే తెలుసు. నాకు తెలియకుంటే ఇంగెవురికి తెలుస్తుందిరా."

"మరి యాల మేడమ్? నా బతుకు యాల పాడు చేసినారు?"

ఆమె కాగితాలు నాకు తిరిగి ఇచ్చింది. సిగ్గు లేదు, బాధ లేదు, దాచుకోవాలని కూడా లేదు. "నా పేపరు తప్పని యాడో దూరంగా ఉండేవోడు చెప్తే నాకేం పోయింది? నా ఇంట్లో సంగటి గెలికేవోడు చెప్తే ఓర్సుకోలేను. అంతే."

గొంతు పట్టుకోవాలనిపించింది. అబద్ధమెందుకు, అనిపించింది. కానీ చేతిలో నోటీసు ఉన్నవాడి కోపం ఎంతసేపు నిలబడుతుంది? చేతులు కట్టుకుని బతిమిలాడాను. రెడ్డెప్ప ఇప్పుడు హెడ్డు, మీరు ఒక్క మాట చెబితే మళ్ళీ రిజిస్టర్ చేయిస్తాడు, ఆ డిగ్రీ ఒకటి వస్తే ఉద్యోగం నిలబడుతుంది అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఫోన్ తీసి, స్పీకర్ పెట్టింది. పెదాల మీద వేలు పెట్టి నన్ను మాట్లాడొద్దంది.

"రెడ్డెప్పా, మన సోమలోడు మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాలంటాండాడంట. ఎవురో చెప్పినారు. ఏం చేద్దాం?"

అవతలినుంచి రెడ్డెప్ప గొంతు తడుముకోకుండా వచ్చింది. "వొద్దు మేడమ్. మీ మాట వినలేదు వాడు. అట్లాంటోడు మనకొద్దు."

"నీ ఇష్టమప్పా. ఇప్పుడు హెడ్డు నువ్వే కదా" అని ఫోన్ పెట్టేసి, నా తట్టు తిరిగి, చిన్నపిల్లలా నవ్వింది. "సూస్తివా? నేనేమీ అన్లేదు. కాఫీ తాగి పో."

భర్త కాఫీ తెచ్చాడు. తాగాను. మంచి కాఫీ.

చావుకు ఎందుకు పోయానని మా ఆవిడ అడిగింది. మేడమ్ కదలకుండా పడుకుని ఉండడం ఒక్కసారి చూడాలని పోయాను. చూశాను. పుంగనూరులో ఆ వీధంతా కార్లు. కాలేజీవాళ్ళు షామియానా వేశారు. మేడమ్‌ను అద్దాల పెట్టెలో పెట్టారు. దానివల్ల ఎవరి కాలరూ సర్దలేకపోతోంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకేమీ అనిపించలేదు. ఆమె భర్త ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బన్ను తింటున్నాడు. ఆయన ముఖంలో దుఃఖముందో లేదో నాకు తెలియలేదు, ఆకలి మాత్రం ఉంది.

రెడ్డెప్ప కళ్ళు వాచిపోయి ఉన్నాయి. దండలు తీసుకోవడం, మంత్రి మనిషి వస్తే ఎదురుపోవడం, ఐస్ తెప్పించడం అంతా వాడే. నన్ను చూసి పరుగెత్తుకు వచ్చి చేతులు పట్టుకున్నాడు. షామియానా వెనక్కి, నీళ్ళ డ్రమ్ముల దగ్గరికి తీసుకుపోయాడు.

"ఫోన్‌లో నువ్వన్న మాటకు నాకు కోపమొచ్చింది. పోనీలే. నీకోసం నేను మేడమ్‌ను ఎంత బతిమిలాడినానో నీకు తెలియదప్పా. ఇన్లేదు."

ఈ మాట కోసమే దేవుడు నన్ను బస్సెక్కించాడనిపించింది. సంవత్సరమంతా దాచుకున్నది తీశాను. "రెడ్డెప్పా, ఆ పొద్దు మేడమ్ ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే కూర్చోనుండా. స్పీకర్లో పెట్టింది. నువ్వన్న ప్రతి మాటా ఇన్నా."

వాడి ముఖం పడిపోతుందని కాచుకున్నాను. పడిపోలేదు. కళ్ళు తుడుచుకుని, నెమ్మదిగా, "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మేడమ్ నాతో స్పీకర్లో కాకుండా ఎప్పుడు మాట్లాడింది? పక్కన ఎవురినో ఒకరిని కూర్సోబెట్టుకునే చేస్తుంది. నీ పేరు ఎత్తినప్పుడే నువ్వుండావని తెలుసు నాకు. నీ తట్టు మాట్లాడింటే మరుసటి దినం నేను హెడ్డుగా ఉంటానా? నీకు ఒక్కసారి జరిగింది. నాకు దినమూ జరిగింది."

వాడు ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. "ఇప్పుడు ఆమె లేదు కదప్పా. నీ థీసిస్ తీసుకురా. రిజిస్ట్రేషన్ సంగతి నేను సూసుకుంటా. గైడుగా నేనే సంతకం పెడతా. నీ ఉద్యోగం యాడికీ పోదు."

ఈసారి నేనే వాడి చేతులు పట్టుకున్నాను. "తెగిన డిస్కుతోనేనా?"

రెడ్డెప్ప షామియానా తట్టు చూశాడు. గొంతు తగ్గించాడు, అద్దాల పెట్టెలోంచి ఆమెకు వినబడుతుందేమో అన్నట్టు. "అది వొద్దు. అది తీసేసి మేడమ్ అంకె పెట్టుకో. కాలేజీలో ఆమె పేరు మీద హాలు కడతాండాం. ఇట్లాంటప్పుడు ఆమె పేపరు తప్పని మన దగ్గరినుంచే వస్తే బాగుంటాదా?"

"ప్రపంచమంతా తెలిసిపోయింది కదరా!"

"ప్రపంచానికి తెలిస్తే తెలియనీ. మన కాలేజీకి తెలియకుంటే సాలు."

కోపం అరికాళ్ళనుంచి నెత్తికెక్కింది. వాణ్ణి తిట్టవలసిన తిట్లన్నీ నోటిదాకా వరుసగా వచ్చి నిలబడ్డాయి. నా తెగిన డిస్కు, అన్న చూపు, నేను సంవత్సరాల తరబడి పట్టిన పంతం, అన్నీ వచ్చాయి. కుప్పంలో బోర్డుకు అంటించిన నోటీసు కూడా వచ్చింది. ఆ ఏడాది గడువు ఈ నెలాఖరుకు అయిపోతుంది, స్టాఫ్ జాబితాలో నా పేరు ఉండదు. నోరు తెరిచాను.

"ఎప్పటిలోపల ఇయ్యాల?" అన్నాను.

రెడ్డెప్ప చేయి చాచి నా చొక్కా కాలరు సర్దాడు. "దినాలు అయిపోనీ" అన్నాడు.